జిప్సం, జీలుగ, బొగ్గు, హ్యూమిక్: గుంటూరు, విజయవాడ చుట్టుపక్కల ఏ నేలకు ఏది?

ఏప్రిల్ వచ్చేసరికి ఎరువుల కొట్లలో "భూమిని గుల్ల చేసే మందు" పేరుతో బస్తాలు, డబ్బాలు బారులు తీరతాయి. ఒకదానిలో ఉన్నది జిప్సం, ఒకదానిలో హ్యూమిక్ ఆమ్లం, ఇంకోదానిలో బొగ్గుపొడి (బయోచార్), మరోదానిలో నీరు పీల్చే జెల్ (హైడ్రోజెల్). పైన రాసేది మాత్రం ఒకటే: నేల గుల్లబారుతుంది, వేరు బాగా పాకుతుంది, పైరు బెట్టకు తట్టుకుంటుంది. నిజానికి ఇవి నాలుగూ నాలుగు వేర్వేరు పనులు చేసే సరుకులు. మీ నేలలో ఉన్న లోపానికి సరిపోయేది ఒకటో రెండో ఉంటాయి, మిగతావి దండగ.

మన దగ్గర నేల కూడా ఒక్క తీరుగా లేదు. గుంటూరు, పల్నాడు వైపు నల్లరేగడి. తెనాలి, అవనిగడ్డ వైపు డెల్టా ఒండ్రు. బాపట్ల, చీరాల దగ్గర ఇసుక. రేపల్లె, నిజాంపట్నం, మచిలీపట్నం తీరం పొడవునా మచ్చలు మచ్చలుగా చౌడు. వాతావరణం అన్నిటికీ ఒకటే, అదీ రెండు చివర్లది. మే నెల ఎండకు రేగడిలో చెయ్యి పట్టేంత నెర్రెలు పడతాయి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వాయుగుండాలు, తుపాన్లు. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు కోసిన వరీ, కాత మీద ఉన్న మిరపా రెండూ నీళ్లలో నిలబడ్డాయి. కాబట్టి నేలలో వేసే ఏ సరుకునైనా రెండే ప్రశ్నలతో తూచాలి: వాన పడ్డప్పుడు నీరు త్వరగా కిందికి దిగుతుందా, ఎండ కాసినప్పుడు తడి నిలుస్తుందా.

కొనేముందు గ్లాసు పరీక్ష

పొలంలో నాలుగైదు చోట్ల నుంచి బాగా ఎండిన మట్టి గడ్డలు, బఠాణీ గింజంత సైజువి, తీసుకోండి. గాజు గ్లాసులో వాననీరు గానీ, బ్యాటరీల కొట్లో దొరికే డిస్టిల్డ్ వాటర్ గానీ పోసి ఒక్కో గడ్డను మెల్లగా వదలండి. కదపకూడదు. బోరు నీళ్లు వాడితే పరీక్ష తప్పుతుంది, ఎందుకంటే ఆ నీటిలోని ఉప్పులే మట్టిని చెదరనివ్వవు. 2 గంటల తర్వాత ఒకసారి, తెల్లారాక ఒకసారి చూడండి.

గడ్డ చుట్టూ పాలు కలిపినట్టు తెల్లటి మబ్బు కడితే బంకమట్టి రేణువుల మీద సోడియం పట్టి ఉంది. ఇది జిప్సంతో బాగుపడే నేల. గడ్డ పొడిపొడిగా రాలిపోయి నీళ్లు మాత్రం తేటగా ఉంటే లోపం సోడియం కాదు, సేంద్రియ పదార్థం చాలక మట్టి రేణువులు పట్టుగా నిలవడం లేదు. దానికి జీలుగ లాంటి పచ్చిరొట్ట (పూత వేళ నేలలోనే కలియదున్నే పైరు), పశువుల ఎరువు కావాలి, జిప్సం అక్కర్లేదు. గడ్డ అలాగే నిలిస్తే మట్టి కట్టుబాటు బాగుంది, మీ సమస్య మురుగు పోకపోవడంలోనో, దున్నే పద్ధతిలోనో ఉంది.

పొడిగా వేసినప్పుడు తేటగా ఉండి, అదే మట్టిని తడిపి వేళ్లతో పిసికి వేస్తే మబ్బు కట్టే నేలలు కూడా ఉంటాయి. అలాంటి నేలలో పదును ఎక్కువగా ఉండగా రోటవేటర్ తిప్పితే ఆ ఏడాదికి పాడైనట్టే. అక్కడ ముందు మార్చుకోవలసింది దున్నే రోజు.

తర్వాత భూసార పరీక్ష. ఎకరంలో 8 నుంచి 10 చోట్ల 'వి' ఆకారంలో 15 సెంటీమీటర్ల గుంట తీసి, అంచు నుంచి మట్టి గీరి, కలిపి, అరకిలో ఇవ్వాలి. చౌడు అనుమానం ఉంటే 15-30, 30-60 సెంటీమీటర్ల మట్టి విడివిడిగా ఇవ్వండి. 2015లో మొదలైన భూసార ఆరోగ్య కార్డులో 12 అంశాలు వస్తాయి. ఉదజని సూచిక (పి.హెచ్.), ఇ.సి. (మట్టిలో కరిగే ఉప్పు ఎంతుందో చెప్పే అంకె), సేంద్రియ కర్బనం అందులో ఉంటాయి గానీ జిప్సం ఎంత కావాలో ఉండదు. అది విడిగా అడిగి చేయించుకోవాలి.

ఇ.సి. అంకె దగ్గర చాలామంది పొరబడతారు. "4 దాటితే చౌడు" అన్న హద్దు మట్టిని చిక్కటి ముద్దగా తడిపి పిండిన నీటికి పెట్టింది. మామూలు పరీక్షలో ఒక వంతు మట్టికి రెండున్నర వంతుల నీరు కలుపుతారు, దానితో అంకె తగ్గిపోతుంది. ఆ పద్ధతిలో 1 దాటితే చాలు, మొలకకు ఇబ్బంది మొదలవుతుంది. రిపోర్టులో 1.6 చూసి "4 కంటే తక్కువే కదా" అని మిరప నారు నాటితే మొక్క ఎదగదు.

జిప్సం: అవసరమైన చోట దీనికి సాటి లేదు, అవసరం లేని చోట బరువు తప్ప ఏమీ లేదు

చౌడులో రెండు రకాలు. ఎండకు పైన తెల్లటి ఉప్పు పొర కట్టేది పాలచౌడు. నల్లటి మరకలతో, తడిస్తే జారుడుగా, ఎండితే రాయిలా అయ్యేది కారుచౌడు; దీని ఉదజని సూచిక 8.5 పైన ఉంటుంది. జిప్సం కారుచౌడుకే. అందులోని కాల్షియం మట్టి మీది సోడియంను తోసేసి ఆ చోట తాను కూర్చుంటుంది, సోడియం సల్ఫేటుగా మారి నీటితో కొట్టుకుపోతుంది. పాలచౌడులో తోసేయడానికి సోడియం పట్టు ఉండదు, ఉన్నది నీటిలో కరిగే ఉప్పే. దానికి కావలసింది మంచి నీరు, మురుగు కాలువ. అడుగు లోతు మట్టిలోని ఉప్పులో సుమారు 80 శాతం పోవాలంటే అడుగు నీరు ఆ మట్టి గుండా కిందికి దిగిపోవాలి. మురుగు కాలువ లేకుండా నీరు పెడితే వేసవిలో ఆ ఉప్పే మళ్లీ పైకి వస్తుంది.

ఎంత వేయాలన్నది లెక్క ప్రకారమే. ఎకరంలో పై 15 సెంటీమీటర్ల మట్టి సుమారు 9 లక్షల కిలోలు. 100 గ్రాముల మట్టిలో ఒక మిల్లీ ఈక్వివలెంట్ (రిపోర్టులో సోడియంను కొలిచే యూనిట్) సోడియంను తోసేయడానికి 86 మిల్లీగ్రాముల స్వచ్ఛమైన జిప్సం కావాలి. ఎకరానికి చూస్తే 775 కిలోలు. రిపోర్టు ప్రకారం అలాంటి 3 యూనిట్ల సోడియం తీయాల్సి ఉంటే 2.3 టన్నులు. బస్తా 70 శాతం స్వచ్ఛతదైతే దాన్ని 0.7తో భాగించాలి, 3.3 టన్నులు అవుతుంది. ఎరువుల కర్మాగారాల నుంచి వచ్చే ఫాస్ఫోజిప్సం మెత్తగా ఉండి త్వరగా కరుగుతుంది గానీ తడితో వస్తుంది. తూకంలో నీళ్లకు డబ్బు కడుతున్నామేమో చూసుకోవాలి.

ఎక్కువమంది ఓడిపోయేది నీళ్ల దగ్గర. లీటరు నీటిలో జిప్సం రెండున్నర గ్రాములకు మించి కరగదు. అంటే ఒక టన్ను కరగడానికి 4 లక్షల లీటర్ల నీరు, ఎకరం మీద 10 సెంటీమీటర్ల ఎత్తు. డిసెంబరులో జిప్సం చల్లి, ఒక తడి ఇచ్చి, ఫలితం లేదనడం అందుకే. కాలువ నీరు వచ్చే ముందో, తొలకరిలోనో చల్లాలి.

పని జరిగే వరస ఇది. మడిని చదును చేసి గట్లు పటిష్ఠంగా వేయండి. ఎత్తుపల్లాలుంటే ఎత్తు మీద చౌడు అలాగే మిగులుతుంది. జిప్సం పొడిని సమంగా చల్లి, పై 8-10 సెంటీమీటర్లలోనే కలపండి. లోతుగా దున్నితే పలచబడిపోతుంది. 10-15 సెంటీమీటర్ల నీరు కట్టి 10 నుంచి 15 రోజులు నిలపండి, మధ్యలో ఇంకిపోతే మళ్లీ పెట్టండి. తర్వాత మిగిలిన నీటిని పక్క రైతు చేలోకి కాదు, మురుగు కాలువలోకి తీయండి. ఆపైన జీలుగ, దాని తర్వాత వరి. మొదటి ఏడాదే మినుము, మిరప వేయడం తొందరపాటు.

గ్లాసులో మబ్బు కట్టని మామూలు రేగడిలో టన్ను జిప్సం వేస్తే 180 కిలోల గంధకం వేసినట్టు. పైరుకు కావలసింది 15-20 కిలోలు. వేరుశనగకు ఊడలు దిగే వేళ ఎకరానికి 200 కిలోలు వేయడం వేరే సంగతి, అది కాయకు కాల్షియం అందించడానికి, నేల బాగు కోసం కాదు.

నేలలో సున్నం గుల్లలు ఉండి, పలచటి యాసిడ్ చుక్క వేస్తే బుసబుస పొంగే కారుచౌడు రేగడికి గంధకం పొడి కూడా ఒక దారి. యాసిడ్‌ను నీళ్లలో పోసి పలచన చేయాలి, నీళ్లను యాసిడ్‌లో పోయకూడదు. టన్ను జిప్సం చేసే పనికి 190 కిలోల గంధకం చాలు, రవాణా కలిసొస్తుంది. అయితే సూక్ష్మజీవులు దాన్ని ఆమ్లంగా మార్చాలి, అందుకు తడి, వారాల కొద్దీ సమయం కావాలి. నాటు దగ్గర పడ్డాక గంధకం ఎంచుకోవద్దు.

బోరు నీటిలోనే సోడా ఎక్కువైతే మట్టికి చేసిన వైద్యం ఏటా వృథా. నీటి పరీక్షలో ఆర్.ఎస్.సి. (నీటిలో మిగులు సోడా ఎంతో చెప్పే అంకె) ఎంతుందో చూడండి. ఒక్కో యూనిట్ తగ్గించడానికి 1,000 లీటర్లకు 86 గ్రాములు, ఎకరానికి అంగుళం తడికి సుమారు 9 కిలోలు. బోరు నీరు పడే తొట్టిలో జిప్సం గడ్డలు వేసి దాని మీదుగా పారించడమే మార్గం.

పచ్చిరొట్టా, పశువుల ఎరువా, వర్మీ కంపోస్టా

గ్లాసు పరీక్షలో మట్టి రాలిపోయిన వాళ్లకు, అంటే మన ప్రాంతంలో చాలామందికి, అసలు పోటీ ఈ మూడింటి మధ్యే.

4 టన్నుల పశువుల ఎరువు, అంటే రెండు ట్రాక్టర్ ట్రక్కులు, సగం నీళ్లే అనుకుంటే 600 కిలోల కర్బనం ఇస్తుంది. 12 కిలోల జీలుగ విత్తనం బాగా పెరిగి 8 టన్నుల పచ్చిరొట్ట ఇస్తే అందులోనూ అటూ ఇటూగా అంతే కర్బనం, పైగా 30 కిలోలకు పైన నత్రజని. అంటే బస్తాన్నర యూరియా పెట్టు. రాయితీ విత్తనం రైతు సేవా కేంద్రంలో దొరికినప్పుడు ఈ లెక్కలో పచ్చిరొట్టను మించింది లేదు. కానీ దానికి 45-50 రోజుల కాలం, కలియదున్నే వేళకు పదును, రెండూ కావాలి. ఇవి కుదరకపోతే లెక్క తలకిందులవుతుంది.

నీరు నిలిచే డెల్టా మడికీ, చౌడుకూ జీలుగ. ముంపు లేని రేగడి మెట్టకు జనుము, 12-15 కిలోలు. నీరు నిలిస్తే చస్తుంది. వరి కోశాక పశువులకు మేత కూడా కావాలంటే పిల్లిపెసర, 6-8 కిలోలు. పూత మొదలవగానే దున్నాలి. 60 రోజులు దాటనిస్తే కాడ కట్టెబారి, చివకక, ఉన్న నత్రజనిని కూడా సూక్ష్మజీవులే తినేస్తాయి. వరి దమ్ములో కలిపితే వారం, పది రోజులకు నాటుకోవచ్చు. మెట్టలో రెండు, మూడు వారాలు ఆగాలి. ఎండు నేలలో దున్నేస్తే రొట్ట ఎండి చెదలకు తిండి అవుతుంది. జూన్ తొలివానలకు చల్లి జులై చివర కలిపితే ఆగస్టు, సెప్టెంబరు మిరప నాటుకు సరిగ్గా అందుతుంది. జూన్‌లోనే పత్తి గింజ పెట్టేవాళ్లకు ఈ వెసులుబాటు లేదు. వాళ్లు పశువుల ఎరువు వైపే చూడాలి.

పశువుల ఎరువు కొనేటప్పుడు చెయ్యి పెట్టి చూడండి. వెచ్చగా ఉన్నా, పేడ వాసన వస్తున్నా, గడ్డి పోచలు కనబడుతున్నా చివకలేదు. అది వేస్తే వేరుపురుగు, చెదలు, కలుపు గింజలు కూడా పొలంలోకి వస్తాయి. కోళ్ల ఎరువు అయితే మరీ జాగ్రత్త. పచ్చిది అమ్మోనియాతో లేత వేళ్లను మాడుస్తుంది, ఉప్పు కూడా ఎక్కువే. కనీసం రెండు, మూడు నెలలు కుప్ప వేసి, తడిపి, తిరగేసి వాడాలి.

వర్మీ కంపోస్టు పోషకాల్లో మెరుగే గానీ ఎకరాలకు ఎకరాలు నేల తీరు మార్చడానికి ఖరీదైన దారి. నారుమడికి, కూరగాయల పాదులకు, మొక్క మొదట్లో గుప్పెడు వేయడానికి పెట్టుకోండి. మిరపలో వేరుకుళ్లు, ఎండు తెగులు భయం ఉంటే 90 కిలోల చివికిన ఎరువు, 10 కిలోల వేపపిండి, 2 కిలోల ట్రైకోడెర్మా (తెగుళ్లను అణచే మేలు శిలీంధ్రం) కలిపి, నీడలో గోనె కప్పి, తడి ఆరకుండా వారం, పది రోజులు ఉంచి ఎకరానికి చల్లడం వీటన్నిటిలోకి గిట్టుబాటు పని.

ఒక సంగతి ముందే తెలిసి ఉండాలి. మన ఎండలకు వేసిన కర్బనంలో సగానికి పైగా ఏడాదిలోనే గాలిలో కలిసిపోతుంది. సేంద్రియ కర్బనం 0.1 శాతం పెరగడానికి ఎకరానికి 900 కిలోల కర్బనం నేలలో మిగలాలి. "ఒక్క పంటతో 0.3 నుంచి 0.8కి" అని ఎవరన్నా రిపోర్టు చూపిస్తే మట్టి తీసిన చోటు మీద అనుమానపడండి.

బొగ్గు

చివికి పోనిది కాబట్టి బయోచార్ మీద మోజు పెరిగింది. ఇసుక నేలకు, ఆమ్ల నేలకు మంచిదే. మన రేగడి ఉదజని సూచిక 8 దగ్గర ఉంటుంది, బొగ్గూ దాని బూడిదా క్షారమే, పైగా తడి పట్టే గుణం రేగడికి ముందే ఉంది. కాబట్టి రేగడి రైతు దీన్ని డబ్బు పెట్టి కొనడం మాకు సబబుగా తోచదు. బాపట్ల ఇసుకలో కూరగాయలు, మల్లె వేసేవాళ్లకు సబబే.

సొంతంగా చేసుకుంటే మాట వేరు. పత్తి కట్టె ఎలాగూ పొలంలో ఉంచకూడదు, గులాబీ రంగు పురుగు దానిలోనే తలదాచుకుంటుంది. 3 అడుగుల లోతు, పైన వెడల్పు, కింద ఇరుకు ఉండే గొయ్యి తీసి, అడుగున కొంచెం కట్టె వేసి పైనుంచి అంటించండి. పైపొర మీద తెల్ల బూడిద కనబడగానే తర్వాతి పొర వేస్తూ పోవాలి. గొయ్యి నిండాక నీళ్లతో పూర్తిగా ఆర్పాలి. మట్టి కప్పి వదిలేస్తే లోపల రాజుకుని మర్నాటికి బూడిదే మిగులుతుంది. 2 టన్నుల ఎండు కట్టెకు 400-500 కిలోలు వస్తుంది. దాన్ని అలాగే వేస్తే మొదటి పైరు నత్రజనిని తనే పట్టేసుకుంటుంది. ఒక వంతు బొగ్గుకు రెండు వంతుల చివికిన ఎరువు, పశువుల మూత్రం కలిపి రెండు, మూడు వారాలు నానబెట్టాకే చేలోకి.

హ్యూమిక్, హైడ్రోజెల్

సేంద్రియ కర్బనం 0.5 శాతం ఉన్న ఎకరంలో కర్బనం 4,500 కిలోలు. అందులో 2 కిలోల హ్యూమిక్ కలిపితే నేల గుల్లబారదు. ఇది వేరును కాస్త ప్రేరేపిస్తుంది, ఇనుము, జింకు అందడంలో సాయపడుతుంది. అంతవరకే ఆశించి నారుమడిలో, డ్రిప్‌లో వాడితే తప్పులేదు. కాల్షియం నైట్రేట్‌తోనో ఫాస్ఫారిక్ యాసిడ్‌తోనో కలిపితే ముద్దకట్టి డ్రిప్పర్లు మూసుకుపోతాయి. సరుకు అసలుదో కాదో చూడాలంటే పలచటి ద్రావణంలో కొన్ని చుక్కల యాసిడ్ వేయండి. హ్యూమిక్ అయితే గోధుమరంగు తరకలుగా విరిగి అడుక్కు దిగుతుంది. రంగు అలాగే ఉంటే అది ఫల్విక్ (హ్యూమిక్ లాంటిదే మరో ఆమ్లం) కావచ్చు, చెరకు మొలాసిస్ కూడా కావచ్చు. 2021 నుంచి ఇలాంటి జీవ ఉత్ప్రేరకాలు ఎరువుల నియంత్రణ ఉత్తర్వు కిందికి వచ్చాయి, లేబుల్ మీద శాతం స్పష్టంగా లేనిది కొనవద్దు.

హైడ్రోజెల్ సంగతి ఇంకా తేలిక. ఎకరానికి 2 కిలోలు వేస్తే, ఒక్కో కిలో 300 లీటర్లు పట్టినా 600 లీటర్లు. కాత మీదున్న మిరప తోట ఎండ రోజున 16 నుంచి 20 వేల లీటర్లు తాగుతుంది. అంటే పగటిపూట అరగంట అవసరం. ఉప్పు నీటిలో, కఠినమైన బోరు నీటిలో అది పట్టేది ఇంకా చాలా తగ్గుతుంది. ఇసుక నేలలో మామిడి, కొబ్బరి మొక్క నాటే గుంటలోనో, నారు వేరు దగ్గరో పెడితే పని చేస్తుంది. పొలమంతా చల్లడం దండగ.

ఇసుక నేలకు చెరువు మట్టి

ఇసుకకు బంక కలపడం శాశ్వతమైన మార్పు, పైన చెప్పిన ఏదీ అంతకాలం నిలవదు. వేసవిలో ఊరి చెరువు పూడిక తీస్తున్నప్పుడు ఎకరానికి 20 నుంచి 40 ట్రక్కులు తోలి, పరిచి, ఎండనిచ్చి, గడ్డలు చితికాక కలపాలి. ఖర్చంతా తోలకానిదే కాబట్టి నాలుగైదు కిలోమీటర్లు దాటితే ఆలోచించండి. రొయ్యల చెరువు మట్టి మాత్రం వద్దు, ఎంత నల్లగా నిగనిగలాడినా ఉప్పు ఉంటుంది. చేపల చెరువుదైనా ఇ.సి. చూశాకే. రేగడికి చెరువు మట్టి తోలడం బంకకు బంక కలపడమే.

కౌలు రైతు అయితే

ఏడాది కౌలుకు చేసేవాళ్లు బొగ్గు, చెరువు మట్టి, టన్నుల జిప్సం జోలికి పోవద్దు. ఆ ఫలితం భూమి యజమానికి మిగులుతుంది. పచ్చిరొట్ట, ట్రైకోడెర్మా కలిపిన ఎరువు, మిరపకు 15-20 సెంటీమీటర్ల ఎత్తు బోదె, చుట్టూ మురుగు కాలువ, ఇవి ఆ ఏడే తిరిగొచ్చే ఖర్చులు. నిజానికి తుపాను వానకు మిరపను కాపాడేది ఏ బస్తా కన్నా ముందు ఆ బోదే, ఆ కాలువే. మూడేళ్ల పైన రాతపూర్వక కౌలు ఉండి చౌడు బాగుచేయాలంటే జిప్సం ఖర్చులో వాటా సంగతి కాగితం మీదే తేల్చుకోండి.

కొత్త సరుకు ఏది వేసినా పొలం మధ్యలో నాలుగు సాళ్లు వేయకుండా వదలండి. గట్టు పక్క సాళ్లు పనికిరావు, వాటి ఎండా తడీ వేరు. మిగతా ఎరువులు, మందులు, తడులు రెండు చోట్లా ఒకటే ఉండాలి. మిరప అయితే ఒక్క కోత చూసి తేల్చకండి. అన్ని కోతల కాయా విడిగా ఏరి, కల్లంలో విడిగా ఆరబెట్టి, ఎండుకాయ తూకమే పోల్చండి. పక్కనే మరో నాలుగు సాళ్లు కొలిచి, వాటికీ వీటికీ తేడా ఆ సరుకు ఖర్చును దాటితేనే వచ్చే ఏప్రిల్‌లో మళ్లీ కొనండి.